చీపురు పెరగదు

మార్చి 12, మంగళవారం, ఉదయం పది

నేను చెబుతున్నాను, మా తోడికోడలు రాస్తోంది. నాకు అక్షరం ముక్క రాదు. రాదని చెప్పుకోవడానికి సిగ్గూ లేదు. పడాల్సిన సిగ్గంతా చిన్నప్పుడే పడేశాను. నాకంటే చిన్నది, చెల్లీ అని పిలుస్తాను. ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరయింది. మా ఇద్దరి మొగుళ్ళూ అన్నదమ్ములు, ఇద్దరూ పోయారు. మిగిలింది మేమిద్దరం, ఒక వంటిల్లు, నలభై ఏళ్ళ తగాదాలు.

చెప్పింది చెప్పినట్టు రాయవే అంటే నా మాటలకు పౌడరు అద్దుతుంది. ఇందాక మొదటి వాక్యం చదివి వినిపించమంటే ‘సవినయంగా విన్నవించుకోవడమేమనగా’ అని ఉంది. సవినయం ఎవరికి, నాకా? కొట్టెయ్ అన్నాను. మంచి కాగితం పాడవుతుంది అక్కా అంది. కాగితం పాడైతే ఇంకోటి కొనుక్కుంటాం, మాట పాడైతే నా ఉద్యోగం పోతుంది అన్నాను. మూతి ముడుచుకుని కొట్టేసింది.

సంగతి ఇది. నేను ఒక సినిమా క్లబ్బు హాల్లో ఊడ్చే పని చేస్తాను. మేడ మీద హాలు, ఎనభై రెండు కుర్చీలు, పందొమ్మిదేళ్ళ సర్వీసు. నిన్న సాయంత్రం క్లబ్బు నుంచి లెటర్ వచ్చింది. పదో తేదీ ఆదివారం సినిమా నడుస్తుండగా నేను లేచి నిలబడి కేకలు వేశానట. ప్రేక్షకుల రసానుభూతికి భంగం కలిగించానట. నన్ను పనిలోంచి ఎందుకు తీసెయ్యకూడదో పందొమ్మిదో తేదీన కమిటీకి రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాలట. అప్పటిదాకా హాలు గుమ్మం తొక్కకూడదట.

రసానుభూతి అంటే ఏమిటే అని అడిగాను. రసాన్ని అనుభవించడం అక్కా అంది చెల్లి. రసం ఎక్కడ ఒలికింది? ఒలికితే తుడిచేది నేనే కదా, నాకు తెలియకుండా ఎలా ఒలికింది?

కేకలు వేసిన మాట నిజం. దాచను. ఎందుకు వేశానో చెప్పాలి, అది ఒక పేజీలో తెమిలేది కాదు. ముందు ఈ రఫ్ నోట్‌బుక్కులో రోజుకింత కుమ్మరించు, తర్వాత తేట తీసి ఫెయిర్ కాపీ రాస్తాను అంది చెల్లి. దీన్ని ఎవరూ చదవరు కాబట్టి ఇందులో అందరినీ తిట్టవచ్చు.

హాలు తాళంచెవి తీసేసుకున్నారు. ఇన్నేళ్ళూ నా కొంగుకే ఉండేది. ఇప్పుడు కొంగు ఊరికే గాలికి ఎగురుతోంది.

మార్చి 12, సాయంత్రం

సినిమా గురించి.

అది జపాను సినిమా. ప్రేమ సినిమా. ఆరు గంటలు. చెల్లి పెన్ను ఆపి నా మొహం చూసింది. ఆరే, రాయి అన్నాను. మూడు భాగాలు, మధ్యలో రెండు ఇంటర్వెల్స్. పదింటికి మొదలుపెడితే ఐదింటికి వదులుతారు.

మార్చి మూడున మొదటిసారి వేశారు. ఆరు గంటలు ప్రేమించుకుంటూ కూర్చుంటే పనెవరు చేస్తారయ్యా అని ఆపరేటర్‌ని అడిగాను. ఆపరేటర్ అంటే కంప్యూటర్ నుంచి సినిమా వేసే అతను, నన్ను పెద్దమ్మా అంటాడు. ఇది ఆర్ట్ సినిమా పెద్దమ్మా, ఇందులో పని కూడా గంటసేపు చూపిస్తారు అన్నాడు. వెటకారం అనుకున్నాను. నిజంగానే చూపించారు.

పడవల రేవు దగ్గర ఒకావిడ ఇస్త్రీ దుకాణం నడుపుతుంది. పడవ టికెట్లు ఇచ్చే మనిషి రోజూ ఒక చొక్కా తెస్తాడు. ఒక్కటే. ఇస్త్రీపెట్టె వేడెక్కేదాకా ఆవిడ ఆగుతుంది, అతను ఆగుతాడు, మనమూ ఆగుతాం. పాటల్లేవు. ముద్దుల్లేవు. చెయ్యి చెయ్యి తగిలిందే లేదు. ఒక్కోసారి ఆవిడ పని ఆపి మనవైపు తిరిగి అలా చూస్తూ ఉంటుంది. కెమెరా కదలదు, ఆవిడ కదలదు. నాకు మొదట భయం వేసింది. ఏ కుర్చీ కిందో దుమ్ము వదిలేశానేమో, ఆవిడ అదే చూస్తోందేమో అని.

వాళ్ళ భాష నాకు రాదు. తెర కింద ఇంగ్లీషులో పడే సబ్‌టైటిల్స్ అంతకన్నా రావు. అందులో ఒక సుఖం ఉంది. జనమంతా తెర కింది అంచు చూస్తూ కూర్చుంటారు. మిగతా తెరంతా నాదే.

మార్చి 13, బుధవారం

హాల్లోకి రావద్దన్నారు. హాలు ఎదురుగా ఉన్న టీ కొట్టుకు రావద్దని లెటర్లో లేదు. చెల్లి చేత రెండుసార్లు చదివించి రూఢి చేసుకున్నాను. పొద్దున వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను.

నాకు ఒకటి అంతు పట్టడం లేదు. పనున్న జనం, ఇల్లూ వాకిలీ ఉన్న జనం, ఒక ఆదివారమంతా ఖర్చుపెట్టి ఇద్దరు మాట్లాడుకోని మనుషుల్ని ఎందుకు చూస్తారు? హాల్లో ఎనభై రెండు కుర్చీలూ నిండాయంటే ఏదో ఉండాలి. కుర్చీల కింద దొరికేదాన్ని బట్టి సినిమా ఎలాంటిదో నేను చెప్పగలను. రెండు గంటల సినిమా అయితే పేపరు కప్పులు, చిరిగిన టికెట్లు. ఫైటింగ్ సినిమా అయితే తెగిన చెప్పు. ఈ ఆరు గంటల దాని తర్వాత ఏం దొరికాయో తెలుసా? ఒక దిండు. సగం అల్లిన స్వెటర్ చెయ్యి. కళ్ళజోడు, మందుల డబ్బా. ఒకరి మేజోళ్ళు, మడతపెట్టి మరీ. మనుషులు ఇంట్లో వదిలేసే వస్తువులు అవి. అంటే హాల్లో కాసేపు కాపురం పెట్టారన్నమాట.

టీ కొట్టుకు రిటైరైన కండక్టర్ వచ్చాడు. రెండు ఆదివారాలూ వచ్చిన మనిషి. ఏం చూశావయ్యా అందులో అని నిలదీశాను. ముప్పై ఏళ్ళు బస్సులో తిరిగాను, నేను చూసిన ప్రేమలన్నీ రెండు స్టాపుల మధ్యవే, ఎవరో ఒకరు దిగిపోతారు, ఎవరూ దిగిపోనిది ఒక్కటి చూద్దామని వచ్చాను అన్నాడు. కానీ ఇందులోనూ చివరికి దిగిపోయాడు కదా అని ఉసూరుమన్నాడు. నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. కేసు నడుస్తోంది కదా.

పక్క ఆసుపత్రి నర్సమ్మ కూడా వచ్చింది, చిన్నపిల్ల. ఉద్యోగానికి జపాను వెళ్ళాలని వాళ్ళ భాష నేర్చుకుంటోంది. మాటలు చెవిన పడతాయని వస్తే, ఆరు గంటల్లో మొత్తం కలిపి రెండొందల మాటలు లేవట, అందులో సగం ‘చొక్కా రేపు’ అనేవట. మరెందుకు మళ్ళీ వచ్చావు అన్నాను. నైట్ డ్యూటీ చేసి వచ్చి నిద్రపోతాను అమ్మమ్మా, లేచి చూస్తే వాళ్ళిద్దరూ అక్కడే ఉంటారు, మామూలు సినిమా అయితే నన్ను వదిలేసి ముందుకు పోతుంది అంది.

ఆ మాట పట్టుకుని ఇంటిదాకా నడిచాను. చెల్లికి చెబితే, నువ్వు మాట్లాడుతుంటే నాకూ అలాగే నిద్రొస్తుంది అక్కా, లేచేసరికి నువ్వు అక్కడే ఉంటావు అంది. దీన్ని కూడా రాయమన్నాను. రాసింది, నవ్వుకుంటూ.

మార్చి 14, గురువారం

ఇవాళ చెప్పేదేమీ లేదు. హాలు కిటికీ అద్దాల మీద తడిగుడ్డ చారలు కిందనుంచే కనబడుతున్నాయి. ఎవర్ని పెట్టారో. కడుపు మండిపోయింది.

మార్చి 15, శుక్రవారం

ఇక అసలు సంగతి. చెల్లీ, మెల్లగా రాయి, తప్పు రాస్తే ఊరుకోను.

ఆ దుకాణం గుమ్మం పక్కన ఒక కర్ర చీపురు ఉంటుంది. మొదటి భాగంలో కొత్తది, పుల్లలు మూరెడు పొడుగు. ఆవిడ వేడి ఇస్త్రీపెట్టె పక్కన పెడుతుంటే చీపురు కర్రకు తగిలి కాలుతుంది. పెట్టె మొన ఆకారంలో నల్లటి మచ్చ. ఆరు గంటల్లో ఆ మనిషి నవ్వేది అప్పుడొక్కసారే. అతను అక్కడే నిలబడి ఉంటే ఆవిడ అతని బూట్ల చుట్టూ ఊడుస్తుంది. స్తంభంలా ఉంటాడు, కదలడు.

ఇంటర్వెల్ తర్వాత రెండోది వేశారు. అందులో ఇద్దరికీ కణతల దగ్గర తెల్లవెంట్రుకలు. చీపురు పుల్లలు అరిగి జానెడయ్యాయి. కర్ర మీద అదే మచ్చ. అతను గుమ్మం మెట్టు మీద కూర్చుని నీలం తాడుతో ఆ చీపురు కట్టు బిగిస్తాడు. అంతసేపూ వేరే ఏమీ జరగదు.

ఆ తర్వాత మూడోది. జుట్టు మళ్ళీ నల్లగా ఉంది. ఏదో ఉత్తరం వస్తుంది, గొడవ పడతారు, ఆవిడ షట్టర్ దించేస్తుంది. అతను వానలో పడవెక్కి పోతాడు. పడవ దూరమవడం ఇరవై నిమిషాలు చూపించి అయిపోయిందన్నారు. జనం కళ్ళు తుడుచుకున్నారు.

కళ్ళు తుడుచుకున్నవాళ్ళు ఒక్కరైనా ఆ మూసిన షట్టర్ పక్కన నిలబెట్టిన చీపురు చూశారా? పుల్లలు జానెడున్నర. మచ్చ ఉంది. నీలం తాడు లేదు.

నేను పందొమ్మిదేళ్ళు ఊడ్చాను, అంతకు ముందు ఇళ్ళల్లో ఊడ్చాను. లెక్కలేనన్ని చీపుళ్ళు నా చేతుల్లో అరిగాయి. ఒక్కటి కూడా పెరగలేదు. చీపురు అరుగుతుంది. పెరగదు. అంటే రెండోది అని వేసింది మూడోది. మూడోది అని వేసింది రెండోది. అతను పడవెక్కి పోయిన మాట నిజమే, కానీ తర్వాత తిరిగొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. వీళ్ళు వెనకది ముందు, ముందరిది వెనక వేసి, కలిసున్న మనుషుల్ని విడదీశారు.

మొదటి ఆదివారం నాకు అనుమానమే. ఆపరేటర్‌ని అడిగితే ఆర్ట్ సినిమా ఇలాగే ఉంటుంది పెద్దమ్మా అన్నాడు. సెక్రటరీ గారైతే సినిమా అయ్యాక స్టేజీ ఎక్కి అరగంట మాట్లాడారు. ఆయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మంచివాడే. కానీ ఇన్నేళ్ళలో నేను ఊడుస్తుంటే ఒక్కసారి కాళ్ళు ఎత్తలేదు. ఆయన బూట్ల చుట్టూ ఊడుస్తాను, గుంజ చుట్టూ ఊడ్చినట్టు. ఆయన చెప్పిందేమిటంటే, ఈ దర్శకుడు కాలాన్ని పగలగొట్టాడట, రెండో భాగంలో ముసలితనం వాళ్ళు కన్న కలట, మూడో భాగంలో మెలకువ వచ్చి విడిపోయారట, ప్రేమ అంటేనే విరహమట. దాన్నే పుస్తకంగా రెండొందల కాపీలు అచ్చు వేయించారు.

పదో తేదీన పని లేకపోయినా వెనక గోడకు ఆనుకుని చివరిదాకా చూశాను. పడవ కదిలింది. నా పక్కన కండక్టర్ ముక్కు చీదాడు. ఇక ఆగలేకపోయాను. వాడు వెళ్ళిపోలేదు, తిరిగొచ్చాడు, మీరు తిరగేసి వేశారు అని అరిచాను. లైట్లు వేశారు. సెక్రటరీ గారు అందరి ముందూ, సబ్‌టైటిల్స్ చదవలేనివాళ్ళకు ఇలాంటి సినిమాలు అర్థం కావమ్మా అన్నారు. చదవగలిగినవాళ్ళకు చీపురు అర్థం కాలేదు కదా బాబూ అన్నాను. ఏ చీపురు, ఆవిడ మధ్యలో కొత్తది కొనుక్కుని ఉండకూడదా అన్నారు. జనం నవ్వారు.

కొత్త చీపురుకు పాత మచ్చ ఎక్కడిది అనే మాట నా నోట్లో ఉండగానే ఆపరేటర్ నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

ఆ మాట ఇంకా నోట్లోనే ఉంది. ఈ కేసంతా దానికోసమే.

మార్చి 16, శనివారం

చెల్లి అడిగింది. ఎవరో జపాను వాళ్ళు కలిస్తే ఏమిటి, విడిపోతే ఏమిటి అక్కా, అరవడం దేనికి, ఊరుకుంటే ఉద్యోగం ఉండేది కదా అని.

నేను లేచి తలుపు వెనక నుంచి పాత చీపురు తెచ్చి దాని ముందు పడేశాను. అది ఊడవడానికి పనికిరాదు, మొండి. ఎందుకు దాచానో నాకే తెలియదు.

మా ఆయన బస్సు డిపోలో టైర్లు మార్చేవాడు. మాట తక్కువ. నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు, ఇదిగో అనేవాడు. శనివారం సాయంత్రం డిపో నుంచి సన్న రాగి తీగ ముక్క తెచ్చుకుని, నా చీపురు ఒళ్ళో పెట్టుకుని కట్టు బిగించేవాడు. నేను తిట్టేదాన్ని. తీగ గుచ్చుకుంటోంది, మీకు వేరే పని లేదా అని. పలికేవాడు కాదు. ఏదో తీగతో ఆడుకునే పిచ్చి అనుకున్నాను.

ఆయన పోయి ఆరేళ్ళు. అప్పటినుంచీ కొన్న చీపురు కొన్నట్టే పదిహేను రోజులకు వదులై పుల్లలు రాలిపోతున్నాయి. కొట్టువాడితో ఎన్ని తగాదాలు పడ్డానో. ఈ మధ్య మంచి చీపుళ్ళు రావడం లేదు, అంతా మోసం అని ఊరంతా చెప్పుకున్నాను.

చీపుళ్ళే చెడిపోయాయనుకున్నాను.

ఆ తెర మీద అతను తాడు చుడుతున్నాడు. చుట్టి, లాగి, పంటితో పట్టి, మళ్ళీ చుడుతున్నాడు. మామూలు సినిమా అయితే ఒక క్షణం చూపించి కోసేస్తారు, నాకు ఏమీ తోచేది కాదు. ఇది ఆపలేదు. తొమ్మిది నిమిషాలట, కండక్టర్ వాచీ చూశాడు. మూడో నిమిషంలో విసుగొచ్చింది. ఐదో నిమిషంలో ఆ చేతులు ఎక్కడో చూశాననిపించింది. ఆ తర్వాత నాకు తెర కనబడలేదు.

అలాంటి మనిషిని పడవెక్కించి పంపేస్తే ఊరుకోవాలా?

చెల్లి రాయడం ఆపి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు నీళ్ళ చప్పుడు. ఈ రెండు ముక్కలూ వచ్చాక రాసింది.

మార్చి 17, ఆదివారం

ఇవాళ సినిమా లేదు. వచ్చే ఆదివారం, ఇరవై నాలుగున, దాని చివరి ఆట. ఆ తర్వాత ఫైళ్ళు వెనక్కి పంపేస్తారు. వరసలో చూస్తే అప్పుడే చూడాలి, లేకపోతే ఈ జన్మకు లేదు.

మార్చి 18, సోమవారం

చెల్లి ఫెయిర్ కాపీ మొదలుపెట్టింది. పేజీల మీద ఒకటి, రెండు అని అంకెలు వేస్తుంటే నాకు గుర్తొచ్చింది. ఆ సినిమాలో ప్రతి భాగం ముందూ నల్లతెర మీద ఒక తెల్ల గుర్తు పడుతుంది, దానికింద ఇంగ్లీషు కూడా ఉండదు అన్నాను. ఏం గుర్తు అంది. చెబుతాను, గియ్యి అన్నాను.

మొదటిది. నేల మీద నిలబెట్టిన కర్ర, కుడివైపు చిన్న కొమ్మ. రెండోది అని వేసినదానికి, పైకప్పు నుంచి వేలాడే కర్ర, పక్కన చిన్న మేకు. మూడోది అని వేసినదానికి, ఒక పెట్టె, దాని నడిమధ్య నుంచి పైకీ కిందికీ పొడుచుకొచ్చిన కర్ర.

చెల్లి మూడూ గీసి, ఇవి బొమ్మలు కావు అక్కా, అక్షరాల్లా ఉన్నాయి అంది. నాకు అన్ని అక్షరాలూ బొమ్మలే. అందుకే గుర్తున్నాయి.

ఇద్దరం టీ కొట్టుకు పరిగెత్తాం. పరిగెత్తాం అంటే, మా మోకాళ్ళు ఒప్పుకున్నంత. నర్సమ్మ డ్యూటీ దిగి వస్తోంది. కాగితం చూసి, టీ గ్లాసు బెంచీ మీద పెట్టేసింది. మొదటిది ‘పైన’ అమ్మమ్మా అంది. వేలాడేది ‘కింద’. పెట్టె ‘మధ్య’. వాళ్ళు మూడు సంపుటాల పుస్తకానికి పైది, మధ్యది, కిందిది అని పేర్లు పెడతారట. అంటే క్లబ్బు వాళ్ళు పైది వేసి, కిందిది వేసి, చివర మధ్యది వేశారు.

భాష నేర్చుకున్నదానివి, నువ్వెందుకు చూడలేదే అని కోప్పడ్డాను. అది పడే టైముకు నేను ఇక్కడే టీ తాగుతుంటాను కదా అంది. నిజమే. ఇంటర్వెల్ అయ్యాక జనం నింపాదిగా మెట్లెక్కి వస్తారు. ఆ గుర్తు పడేటప్పుడు హాల్లో చీపురు పట్టుకుని నేనొక్కదాన్నే ఉంటాను.

ఆపరేటర్‌ని కిందికి పిలిపించాను. కాగితం చూడగానే మొహం పాలిపోయింది. వచ్చిన ఫైళ్ళకు పేర్లు ఆ గుర్తులేనట. కంప్యూటర్‌లో వేస్తే అది తన లెక్కలో వరస పెట్టుకుందట. కంప్యూటర్‌కు తెలుసులే అనుకుని అదే వరసలో వేశాను పెద్దమ్మా, నా పేరు బయటపెట్టకు అన్నాడు. నీ పేరు నాకెక్కడ తెలుసురా, ఇన్నేళ్ళూ ఆపరేటర్ అనే కదా పిలిచాను అన్నాను. సంజాయిషీలో తప్పు కంప్యూటర్ మీద వేశాం. దానికి పిల్లాజెల్లా లేరు.

మార్చి 19, మంగళవారం

కమిటీ కూర్చుంది. ఐదుగురు. చెల్లి నిలబడి చదివింది. ఒక్క మాటకు పౌడరు పూయలేదు. రసం ఎక్కడ ఒలికింది అన్న ముక్క కూడా అలాగే ఉంచేసింది. ఒకాయన దగ్గినట్టు నవ్వాడు. సంతకం అన్నారు. వేలిముద్ర వేశాను.

సెక్రటరీ గారు చెల్లి గీసిన మూడు గుర్తులనే చూస్తూ కూర్చున్నారు. ఎంతకీ తల ఎత్తరు.

మిగతావాళ్ళు బయటికి వెళ్ళి గుసగుసలాడుకుని వచ్చారు. ఆ దగ్గినాయనే చెప్పాడు. నీ మాట నిజమే కావచ్చమ్మా, కానీ జనానికి అలాగే నచ్చింది, పుస్తకం అచ్చయింది, ఇరవై నాలుగుకు పెద్దవాళ్ళను పిలిచాం, ఇప్పుడు తప్పు వేశామంటే క్లబ్బు నలుగురి నోళ్ళలో పడుతుంది అని. వరస సంగతి ఎక్కడా ఎత్తకపోతే రేపటినుంచి పనిలోకి వచ్చేయమన్నారు. తాళంచెవి టేబుల్ మీద పెట్టారు.

చెల్లి నా చెయ్యి గిల్లింది. తీసుకో అని.

నేను తాళంచెవి చూశాను. నా చేతిలోనే అరిగి నున్నబడింది అది. తీసుకుందామనే అనిపించింది. అబద్ధం ఎందుకు. కానీ ఇరవై నాలుగున మళ్ళీ ఆ పడవ కదులుతుంది, కండక్టర్ మళ్ళీ ముక్కు చీదుతాడు, నేను చీపురు పట్టుకుని చూస్తూ నిలబడాలి.

ఉద్యోగం మీరే ఉంచుకోండి బాబూ, వాళ్ళిద్దరినీ మాత్రం కలపండి అన్నాను. వచ్చేశాను.

దారంతా చెల్లి నాకంటే ముందు నడిచింది. ఇంటికొచ్చాక, నీ అంత మొండిదాన్ని నేను చూడలేదు అక్కా, నా పెన్షన్ ఉంది కదా ఇద్దరికీ సరిపోతుంది అంది. దాన్ని కూడా తిట్టాను. ఎందుకు తిట్టానో.

మార్చి 20, బుధవారం

ఎవరూ రాలేదు.

మార్చి 21, గురువారం, ఉదయం

సెక్రటరీ గారు వచ్చారు. మా ఇంటికి. గుమ్మంలో బూట్లు విప్పుతుంటే చెల్లి కంగారుపడి రెండు కుర్చీలూ ఆయనకే వేసింది.

నిన్న మధ్యాహ్నం హాల్లో ఒక్కరే కూర్చుని మధ్యదీ కిందిదీ వరసలో చూశారట. సబ్‌టైటిల్స్ తీసేయించి మరీ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఆరు గంటల సినిమా కళ్ళు. చీపురు చూశానమ్మా అన్నారు. చెల్లి ఇచ్చిన టీ చల్లారింది.

వెళ్ళేటప్పుడు అడిగారు. రెండొందల పుస్తకాలు అచ్చు వేయించాను, వాటిని ఏం చెయ్యమంటారు అని. ఎగతాళి కాదు, నిజంగా అడిగారు. పారెయ్యకండి, కాగితంతో తుడిస్తే కిటికీ అద్దాలకు చారలు పడవు అన్నాను. ఆయన నవ్వారు. పందొమ్మిదేళ్ళలో నేను చూసిన మొదటి నవ్వు. దీనికి ఎంత పొడుగు సినిమా కావలసి వచ్చిందో.

తాళంచెవి కుర్చీ మీద పెట్టి వెళ్ళారు. ఏ షరతూ చెప్పలేదు.

మార్చి 24, ఆదివారం, సాయంత్రం ఏడు

వేశారు. పైది, మధ్యది, కిందిది.

ముందు సెక్రటరీ గారు స్టేజీ ఎక్కి, రెండు ఆదివారాలూ తప్పు వరసలో వేశాం, తప్పుకు విడమర్చి అర్థం చెప్పింది కూడా నేనే, దాన్ని పట్టుకున్నది మా హాలు ఊడ్చే ఆవిడ అన్నారు. జనం వెనక్కి తిరిగి నన్ను చూశారు. తెర మీద ఇస్త్రీ ఆవిడ చూసినట్టు చూశారు. నేను కూడా కదలకుండా చూశాను.

చెల్లిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. మొదట్లో సబ్‌టైటిల్స్ నా చెవిలో చదవబోయింది. నోరు మూసుకుని చూడవే అన్నాను. రెండో భాగానికి అదీ కింద చదవడం మానేసింది. పడవ పోతుంటే నా చెయ్యి పట్టుకుంది. ఆగు, ఇంకా ఉంది అన్నాను.

మూడోది. మొండి చీపురు. నీలం తాడు. తొమ్మిది నిమిషాలు. ఆ తర్వాత ఒకటుంది, సెక్రటరీ గారు ఈ భాగాన్ని కల అన్నప్పుడు అది ఎవరి కంటికీ ఆనలేదు. ఆవిడ బిగించిన చీపురు తీసుకుని మెట్టు ఊడుస్తుంది. అతను పేపరు చదువుకుంటూ ఉంటాడు. చీపురు దగ్గరికి రాగానే, ఆవిడను చూడకుండానే, పేపరు దించకుండానే, కాళ్ళు ఎత్తుతాడు. ఆవిడ కింద ఊడ్చి వెళ్ళిపోతుంది. కాళ్ళు దించుతాడు. అంతే. అయిపోయింది.

ఎవరూ లేవలేదు. కండక్టర్ ముక్కు చీదలేదు.

లైట్లు వేశాక నేను నా పని మొదలుపెట్టాను. ఒక దిండు, రెండు మేజోళ్ళు. ముందు వరసలో సెక్రటరీ గారు ఒక్కరే ఇంకా కూర్చుని తెల్లతెర వైపు చూస్తున్నారు. చీపురు ఆయన దగ్గరికి వచ్చింది. ఎప్పటిలాగే చుట్టూ తిప్పబోయాను.

కాళ్ళు ఎత్తారు.

మార్చి 25, సోమవారం

టీ కొట్టు దగ్గర సగం మంది ముందరి వరసే బాగుంది అంటున్నారట. విడిపోతేనే మనసుకు పట్టిందట. వాళ్ళను నేనేం చెయ్యలేను. కండక్టర్ మాత్రం, ఎవరూ దిగిపోలేదు అన్నాడు. రెండుసార్లు అన్నాడు.

మార్చి 30, శనివారం

చెల్లి బజారు నుంచి రాగి తీగ తెచ్చింది. నేను అడగలేదు. దానికి చుట్టడం రాదు, తీగ వేలికి గుచ్చుకుంది. నేను తిట్టబోయి ఆగాను.

మార్చి 31, ఆదివారం

నోట్‌బుక్కు అయిపోయింది. అట్ట మీద ఏమని రాయను అక్కా అంది చెల్లి. పెన్ను ఇలా తే, మనకు ఇంకా కిందిది మిగిలే ఉంది, నేనే రాస్తాను అన్నాను. ఒక పెట్టె, నడిమధ్య కర్ర.

中